చాంద్‌పాషా గడపలో గ్రామఫోను

చిలకలగూడలో జకర్యాగారు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే గ్రామఫోనును అరుగు మీద పెట్టి, ప్లేటును గీతల వెంటే గుండ్రంగా తుడుస్తారు. సందులో ఎవరి భక్తిపాట వాళ్లు తెచ్చుకోవచ్చు, కానీ ఎవరి ప్లేటుకు వాళ్లే కీ తిప్పాలి. కీర్తనల తరువాత ఎదురింటి దర్జీ చాంద్‌పాషా ప్రవక్తను కీర్తించే నాత్ పెట్టడం ఏడేళ్ల అలవాటు. నిజాం పాలనను కూల్చిన పోలీసు యాక్షన్ అయిన తరువాతి ఆదివారం మాత్రం అతని తలుపు తెరుచుకోలేదు.

"ఇయ్యాల ఆ పాట వద్దులే సార్, ఎవరేమంటరో," అన్నాడు పక్కింటి నరహరి. జకర్యాగారు గ్రామఫోను పెట్టెను రెండు చేతులా ఎత్తి, సందు దాటి, మూసిన తలుపు ముందు దించారు.

"చాంద్‌పాషా భాయ్, జెర బయటికి రా."

"పరేషాన్‌ల ఉన్నం సార్. ఇయ్యాల మీరే వినుండ్రి," అంది లోపలి గొంతు.

"నీ ప్లేటుకు కీ నేను తిప్ప. నువ్వొచ్చిందాక ఈడనే కూసుంట."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. చినుకులు మొదలయ్యాయి. ఆయన కోటు విప్పి పెట్టె మీద కప్పి, తాను తడుస్తూ కదలకుండా ఉన్నారు. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

"పెట్టె ఖరాబైతది సార్, లోపలికి తెండ్రి," అన్నాడు చాంద్‌పాషా.

జకర్యాగారి వెనకే, పాటల కోసం చేరిన సందు జనం కూడా లోపలికి నడిచారు. అందరికన్నా ఆఖరున నరహరి చెప్పులు విడిచాడు.