కమల కూతురి మూగనోము

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. హుకుంపేట మండలంలో ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సుగా, పనిచేస్తున్నాను. మాది విజయనగరం వైపు. ఈ కొండల ఏజెన్సీకొచ్చి పదేళ్ళయినా అడగని సలహాలిచ్చే జబ్బు మాత్రం నాకు తగ్గలేదు.

తొమ్మిదో నెల టీకాకి కమల తన కూతుర్ని తెచ్చింది. సూది గుచ్చితే పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత మళ్ళీ చప్పుడు లేదు. ఆ వయసు పిల్లలు ‘బబబ, దదద’ అని ఊరికే వాగుతుంటారు. దాన్ని బాబ్లింగ్ అంటాం. మాటలకి ముందు నోటికి అదే సాధన. ఈ పిల్ల పెదవి కూడా కదపలేదు. వెనక నుంచి చిటికె వేశాను, గిలక్కాయ ఆడించాను. ఒకసారి తిరిగింది, ఒకసారి తిరగలేదు. చెవుడేమో. ఆలస్యమైతే అసలు మాటే రాకపోవచ్చు. ఆ సంగతి చెబితే కమల కొంగుతో పిల్ల చెవులు రెండూ కప్పింది.

ఆ వారమే నేనే వెంటబెట్టుకుని విశాఖ తీసుకెళ్ళాను. బెరా టెస్ట్ అని, పిల్లని నిద్రపుచ్చి తలకి వైర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూస్తారు. ఆ గంటసేపూ బయట బల్ల మీద కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. చెవులు రెండూ బాగున్నాయన్నారు. బాగుంటే మరి ఎందుకు పలకదు? నా భయం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున్నే ఊరికి తిరిగి రావడానికి అరకు రైలెక్కాం. సొరంగాలు మొదలయ్యాయి. చీకటి కమ్మగానే పెట్టెలో టూరిస్టులు కేకలు పెట్టారు. పిల్ల జడుసుకుని ఏడ్చింది. కేకలు తగ్గాక, ఆ చీకట్లో, నా పక్కనే కమల గొంతు వినిపించింది. వాళ్ళింటి భాష ఆదివాసీ ఒరియాలో ఏదో సన్నగా పాడుతోంది, మధ్యలో నాలుకతో టకటక, పెదాలతో బుర్రుబుర్రు. కాసేపటికి ఇంకో చిన్న గొంతు: ‘బబ. బబబ.’

వెలుగులోకి రాగానే కమల నన్ను చూసి, తప్పు చేసినదానిలా ఆపేసింది. ఎందుకాపావని అడిగాను. ఒళ్ళో పిల్ల తల నిమురుతూ చెప్పింది.

“మీరే సెప్పినారు కదా సిస్టరమ్మా, గుంటతో తెలుగే మాటాడమని. రేపు బడికెళ్తే బాగుంటాదని. నాకు తెలుగు ఎంతొచ్చు? తప్పుగా మాటాడితే గుంటకీ తప్పే వచ్చెస్తాదని ఊరుకున్నాను. మా అత్తనీ మాటాడనివ్వలేదు.”

నిజమే, చెప్పాను. మూడున్నర నెలల టీకా రోజున, హడావుడిలో కార్డు రాస్తూ అన్న మాట. నేను అక్కడే మర్చిపోయాను. ఆ తల్లి అన్ని నెలలూ దాన్ని పాటించింది.

“తప్పు నాదే కమలా. మీ మాటలోనే ఆడించు, నీకెలా వస్తే అలా,” అన్నాను. నమ్మలేదనుకుంటాను. మళ్ళీ సొరంగం వచ్చాకే నోరు విప్పింది.

ఇప్పుడు ఏ గడప తొక్కినా, మీ ఇంట్లో ఏ భాష అని ముందు అడుగుతాను. నా సలహా ఆ తర్వాతే. మనం యథాలాపంగా అన్న మాట కూడా ఒక ఇంట్లో శాసనమవుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. ఆ పిల్ల ఇప్పుడు నానమ్మతో ఆగకుండా కబుర్లు చెబుతుంది. నేను గుమ్మంలో కనిపిస్తే మాత్రం కమల ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి, అప్పుడు మాట్లాడుతుంది. ఆ ఒక్క క్షణం నాకు తల కొట్టేసినట్టుంటుంది.