పెద్దమ్మకు రాసిచ్చిన చీటీ

మా అమ్మాయికి ఏవి పడవో రాసిమ్మని నిన్న ఇక్కడ సింగపూరులో కొత్త బడివాళ్లు ఒక కాగితం పంపారు. వేరుశెనగ అని రాశాను. దానికి పైన, ఉన్న కాస్త చోటులో, వేరుశెనగ నూనె అని ఇరికించాను.

అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది పెద్దమ్మ. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కడలమిఠాయి చేసే కొట్టంలో ముప్పై ఏళ్లు పనిచేసింది. బెల్లం పాకంలో వేయించిన వేరుశెనగ పప్పు కలిపి, వేడి మీదే బల్లపై పరిచి ముక్కలు కోసేది. ఆమె ఒళ్లో ఆ బెల్లం వాసనకే నాకు నిద్ర పట్టేది. అలాంటి ఇంటి మనవరాలికి ఆ పప్పు నలక తగిలినా ఊపిరి ఆడదని ఫోనులో చెబితే ముందు నవ్వింది. "మన బిడ్డకా? శెనక్కాయ పడదంటే ఎవురు నమ్మేరు?" అంది. తర్వాత ఏడ్చింది.

మూడేళ్ల కిందట, పిల్లకు నాలుగో ఏట, ఊరికి వెళ్లాం. మేం రావడానికి నెల ముందే పెద్దమ్మ పని మానేసింది. చీరలన్నీ ఉడకబెట్టి ఉతికింది. ఎదురింటివాళ్లు ఏదైనా నములుతూ మా వాకిట్లోకొస్తే నోరు కడుక్కుని రమ్మని వెనక్కి పంపేది. మా తెలుగు మాట్లాడేదే గాని చదివేది కాదు కాబట్టి, పిల్లకు పెట్టకూడనివన్నీ తమిళంలో చీటీ రాసిచ్చాను. దాన్ని కొంగున ముడేసుకుంది.

ఒక ఉదయం విరుదునగర్‌లో బంధువుల ఇంటికి కారులో బయల్దేరాం. దారిలో సాత్తూరులో ఆగితే పిల్ల కారాసేవు కావాలని మారాం చేసింది. పెద్దమ్మ కొట్టువాణ్ణి నాలుగుసార్లు అడిగింది, సేవు విరిచి కంసాలిలా పరీక్షించింది, చీటీ విప్పి చూసుకుంది. "శెనక్కాయ లేదు తల్లీ, తిననీ" అంది. నేనూ తలూపాను. విరుదునగర్ పొలిమేర రాకముందే పిల్ల పెదవులు ఉబ్బాయి, గొంతులో ఈల మొదలైంది. వెంట ఉన్న సూదిమందు తొడలో పొడిచి ఆసుపత్రికి పరుగెత్తాం. ఏ నూనెలో వేయించారని డాక్టరు అడిగాడు. "కడలనూనె" అంది పెద్దమ్మ, వినపడీ వినపడకుండా. అంటే వేరుశెనగ నూనె.

అందరి ముందూ అరిచాను. "నా బిడ్డని చంపేస్తావా పెద్దమ్మా? ముప్పై ఏళ్లు శెనక్కాయల్లోనే ఉండావే, నూనె సంగతి తెలవదా నీకు?"

ఆమె బల్ల మీద కూర్చుని, చీటీ విప్పి, ఒక్కో వరసకీ వేలు పెట్టి చదివింది. చివరికి వచ్చి మళ్లీ మొదట్నుంచీ చదివింది. అప్పుడు నాకు తెలిసింది. అందులో నూనె లేదు. నేను రాయలేదు. ఆమె నావైపు ఒకసారి చూసి, చీటీ మడిచి ముడేసుకుంది.

సాయంత్రానికి పిల్ల తేరుకుని "అవ్వా" అంటూ చేతులు చాచింది. పెద్దమ్మ తన చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు కన్నా, అవ్వ చేతులు బాగలే" అంది. మిగిలిన తొమ్మిది రోజులూ పిల్లను ముట్టుకోలేదు. మేం తిరిగి బయల్దేరిన రోజు కూడా గడప లోపలే నిలబడి చూసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. "బిడ్డ ఏమి తినె?" అనే అడిగేది. తప్పు నాదని చెప్పాలనుకునేదాన్ని. ఇలాంటిది ఎదురుగా కూర్చుని చెప్పాలి అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పోయిన వానాకాలంలో ఆమె గుండె ఆగిపోయింది.

కాలం ఎవరి కోసమూ ఆగదని అందరూ దాన్నే ఆడిపోసుకుంటారు. నా కోసం అది వంద ఆదివారాలు ఆగింది.