ఫ్లోరైడ్ నీళ్ల ఊరికి, సలహా ఇచ్చిన ఇన్నేళ్లకు

కిందటి నెల నన్ను ఒక నిపుణుల బృందంలో చేరమని అడిగారు. పొలాల మీద డ్రోన్లతో మందు చల్లే విషయంలో ప్రభుత్వానికి సలహా ఇవ్వాలట. మహబూబ్‌నగర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నాకు ఈ పని పూర్తిగా కొత్త కాదు. తెలంగాణ వచ్చిన తొలి రోజుల్లో, రిటైరైన భూగర్భ శాస్త్రవేత్త శేషయ్య సార్ వెంట నల్లగొండ పల్లెలు తిరిగాను. అప్పుడు బావుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ మీద సలహా ఇవ్వడానికి వేసిన బృందంలో సార్ పెద్ద, నేను సహాయకురాలిని. ఆ సలహా ఏమైందో చూడకుండా ఇంకో సలహాకు ఒప్పుకోవాలనిపించలేదు. అందుకే ఒక శనివారం పొద్దున్నే బయలుదేరాను.

ఆరింటికి బస్టాండుకు వెళ్లి కల్వకుర్తి బస్సెక్కాను, అక్కడ దేవరకొండకు మారాను. ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కల్వకుర్తిలో వేడి ఇడ్లీ తిని మళ్లీ కిటికీ పక్కన కూర్చున్నాను. పత్తి చేలు, బోడిగుట్టలు, రోడ్డు దాటే గొర్ల మంద కోసం ఆగిపోయే బస్సు. ఒకప్పుడు ఈ దారిలోనే మా జీపు ప్రతి బోరు దగ్గరా ఆగేది. సార్ సీసాలో నీళ్లు పట్టి, ఎండకు ఎత్తి చూసి, "ఎంత తేటగున్నయో చూడమ్మా, అదే బాధ" అనేవారు. దేవరకొండ నుంచి ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవర్ సైదులు మాట కలిపాడు.

"గా ఊర్లె సుట్టాలున్నరా మేడం?"

"లేరు. చాన్నాళ్ల కింద నీళ్ల పరీక్షకు వచ్చినం."

"గప్పుడు మస్తుమంది సార్లు వచ్చిన్రు. మళ్ల వచ్చినోళ్లను మాత్రం మిమ్ముల్నే చూస్తున్న."

అప్పట్లో మేం నీళ్ల పరీక్షకు వచ్చిన రోజు బడి వరండాలో ఊరంతా చేరింది. నీళ్లు శుద్ధి చేసే మిషన్ వెంటనే పెట్టించమని రాయాలని జనం పట్టు. తొందరగా అయిపోయే పని కనుక అధికారులకూ అదే కావాలి. సార్ మాత్రం మిషన్ పెట్టి వదిలేయమని రాయనన్నారు. గొర్లు కాసే ఇంటి ఎల్లమ్మ మా కోసం జొన్నరొట్టెలు చేసి తెచ్చింది. ఆ మాట వినగానే గంప కింద పెట్టి లేచింది.

"నా నడుము వంగిపాయె. నా బిడ్డ నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటది, పండ్లు పసుపు మచ్చలు పడ్డయి. మీకు మా బాధ ఎట్ల ఎరుకైతది సారూ?"

"వద్దంటలేనమ్మా. మిషన్ల ఫ్లోరైడ్‌ను పట్టే పొడి కొన్నాళ్లకు పనిచెయ్యదు. దాన్ని మార్చే మనిషి లేకుంటే మంచినీళ్లనుకుని విషమే తాగుతరు. కృష్ణ నీళ్లు వచ్చేదాంక మనిషితోని సహా మిషన్ పెట్టాలె. గట్లనే రాస్త."

తిరిగి వచ్చేముందు ఒక అధికారి, ఆ మనిషి సంగతి తీసేస్తే ఫైలు తొందరగా కదులుతుందన్నారు. "నిర్ణయం మీది. మాట మాది, దాన్ని మార్చలేం" అన్నారు సార్. ఎల్లమ్మ మా వైపు చూడకుండానే రొట్టెలు పెట్టింది. మేమూ తల వంచుకుని తిన్నాం.

ఇప్పుడు ఆటో దిగేసరికి పదకొండు దాటింది. అరుగు మీద కూర్చున్న ఎల్లమ్మ ఇంకా వంగిపోయింది, గొంతు మాత్రం అదే. "పొట్టి సారు వెంట వచ్చిన పిల్లవు గదా!" అంటూ చెయ్యి పట్టుకుంది. మిషన్ వచ్చిందట, దాన్ని చూసుకునే మనిషీ వచ్చాడట. కృష్ణ నీళ్లు నల్లాలోకి వచ్చేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగిందట. ఆమె మనవరాలు శ్రావణి నాకు చెంబుతో నీళ్లిచ్చి, అవ్వ మాటకు పకపకా నవ్వింది. తెల్లని పలువరుస. అడ్డం పెట్టుకునే అవసరం లేని నవ్వు.

హైదరాబాద్‌లో ఉన్న సార్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఎల్లమ్మకిచ్చాను. "సారూ, గా దినం మీ మీద కోపంతోని ఒర్రిన, మనసుల పెట్టుకోకుండ్రి" అంది. "నువ్వు ఒర్రినందుకే ఇంక గట్టిగ రాసిన ఎల్లమ్మా" అన్నారాయన. సంతోషంగా ముగించేస్తారనుకుంటే, "మేం చూడకుండ ఇడిసిపెట్టింది ఏమన్న ఉన్నదా?" అని అడిగారు.

ఎల్లమ్మ గుట్ట వైపు చూసింది. "ఊర్లెకు మంచిగనే వస్తున్నయి సారూ. గుట్ట మీద మా పెద్దోని ఇంటి దిక్కు ఎండకాలం నీళ్లు ఎక్కయి. గప్పుడు మల్ల బోరు నీళ్లే."

"పైకి పోయి చూడమ్మా" అన్నారు సార్ నాతో. ఎండలో గుట్టెక్కాను. నల్లా కింద ఖాళీ బిందెలు, పక్కనే బోరు. ఒక సీసా నింపుకున్నాను. సోమవారం కాలేజీలో పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. సార్ ఆ ఫలితంతో జిల్లా అధికారులకు రాశారు. ఇప్పుడు గుట్ట మీదికి ట్యాంకర్ వస్తోందని, నల్లా నీళ్లు పైకెక్కించే మోటారు సంగతి ఇంకా తేలలేదని శ్రావణి ఫోన్ చేసి చెప్పింది.

ఊరికి వెళ్లిన ఆ శనివారం సాయంత్రం, నల్లగొండ పక్కనున్న పానగల్ గుడి రాతిమెట్ల మీద కూర్చుంటే, జీపు వెనక సీట్లో సీసాలు గలగలమన్న ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి. అప్పుడు మా పని సలహా ఇచ్చి రావడంతో అయిపోయిందనుకున్నాను. ఇచ్చిన చోటికి మళ్లీ వెళ్లి అడగడం కూడా అందులో భాగమేనని డెబ్భై దాటిన సార్ ఒక్క ప్రశ్నతో చెప్పారు. డ్రోన్ల బృందంలో చేరుతున్నాను. ఈ బృందం చూసే ఊళ్లకే రెండేళ్ల తర్వాత మమ్మల్ని మళ్లీ పంపాలన్న షరతు పెట్టాను, ఒప్పుకున్నారు.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట. దేవరకొండ, నల్లగొండ మధ్య షేర్ ఆటోలు సాయంత్రం తగ్గిపోతాయి కనుక పొద్దున్నే బయలుదేరండి. ఏ ఇంట్లోనైనా తిని పొమ్మంటే కూర్చునేంత తీరిక మిగలాలి.