కాపురం ఉంది

ఈ ఉదయం వాగు గట్టున నిలబడితే, సున్నపు దుమ్ముతో కలిసి ఒక ఘాటు వాసన ముక్కుకు తగిలింది. గబ్బిలాల రెట్ట వాసన. చీమకుర్తి రాళ్ల లారీలకు చాలడం లేదని మా పాత వంతెన పడగొడుతున్నారు. మూడు కమానుల్లో ఒకటి అప్పటికే కూలింది. ఆ రాళ్ల మధ్య గబ్బిలం పిల్లలు, ఇంకా వెంట్రుకలైనా రానివి, ఎండుమిరపకాయలంతేసి, చచ్చి పడి ఉన్నాయి. ఎప్పుడో పోయిన మస్తాన్ మేస్త్రీ గారి ముందు తల దించుకున్నట్టయింది.

రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరిన తొలి వేసవిలో ఈ కమాను కిందే నల్లటి చారలు చూసి, "నీరు కారుతోంది. పూడ్చాలి" అని డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. మస్తాన్ గారు తాపీ కింద పెట్టి నవ్వారు.

"వానపడి ఎన్నాళ్లయిందండీ, నీరు కారడానికి? ఆ సందుకు చెవి పెట్టండి."

పెట్టాను. లోపల కిచకిచలు.

"బాలింతలండి. పిల్లలు ఎగిరేదాకా నేను తాపీ ముట్టను."

"పై ఆఫీసరు అడిగితే?"

"నా పేరు చెప్పండి. పత్తికీ మిరపకీ మందు కొట్టేది మనమే అనుకుంటాం. పురుగుల మీద రాత్రి డ్యూటీ వీళ్లదండి. సెలవు కూడా అడగరు."

సందు కింద సున్నంతో "కాపురం ఉంది" అని రాశారు. పిల్లలు ఎగిరాక, పై అంచు మాత్రమే బిగించిన గోతం ఒకటి దానిమీద వేలాడదీశారు. లోపలివి కిందినుంచి జారి పోతాయి, తిరిగి దూరలేవు. నాలుగు రోజులాగి, మళ్లీ చెవి పెట్టి, అప్పుడు పూడ్చారు. వంతెన బలానికి అడ్డురాని సందులు వాటికే వదిలారు. ఒక గోతం, కాస్త ఓపిక. ఇంతకుమించి ఖర్చేముంది?

ఈ మాటే ఇప్పటి ఇంజినీరుకు చెప్పాను. పిల్లలు ఎగిరేదాకా, మిగతా కమానులు కూల్చడం నెలరోజులు ఆపి, ముందు అవతల కొత్త వంతెన పునాదులు తవ్వుకోమన్నాను.

"ఎస్టిమేట్‌లో గబ్బిలాలు లేవండి పెద్దాయనా."

"లేవని ఎవరు చూశారు నాయనా? వంతెన కిందికి దిగారా ఎవరైనా?"

అతను ఫోను చూసుకున్నాడు. నా కోపం అతనొక్కడి మీదే కాదు. నేను దగ్గరుండి కట్టించిన కొత్త వంతెనల్లో ఒక్కదానికీ ఒక్క సందు ఉంచలేదు. నున్నగా వచ్చిందని మురిసిపోయాను.

ఇంటికి వెళ్లి సున్నం డబ్బా తెచ్చి, రెండో కమాను మీద పెద్ద అక్షరాలతో రాశాను. యంత్రం నడిపే మనిషి దిగివచ్చి చదివాడు.

"ఎవరిదండీ కాపురం?"

"చెవి పెట్టు."

పెట్టాడు. చాలాసేపు తీయలేదు. వెళ్లి యంత్రం ఆపేశాడు.

ఇంజినీరు రేపు ఆ రాత చెరిపించవచ్చు. మస్తాన్ గారు నాకిచ్చి పోయింది ఆ రెండు మాటలే. సున్నం డబ్బా ఇంకా సంచిలోనే ఉంది.