పాత ఇనుము

ఆమె ఆఫీసు నుంచి రాగానే నాన్న పాత చొక్కా తొడుక్కుని, నాన్న కారు బానెట్ కింద తల దూరుస్తుంది. నాన్న పోయాక పంపకాల్లో ఇల్లు తనుంచుకుని, "ఆ పాత ఇనుము చెల్లికిచ్చెయ్యండి" అంటూ అన్నయ్య నవ్విన నవ్వు ఇంకా ఆమె చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకి కొత్తవి వేసింది. బిగుసుకుపోయిన ఇంజను విప్పి బాగుచేసింది. గోళ్లలో నలుపు ఏ సబ్బుకూ లొంగదు. నిన్న అన్నయ్య వచ్చి, "నాన్న కారు కదే, ఒక్కసారి నడుపుతా" అన్నాడు. నవ్వుతూ తాళం ఇచ్చింది. వీధంతా చూస్తుండగా ఎన్నిసార్లు తిప్పినా కారు కిక్కురుమనలేదు.

"ఏమైందే దీనికి?"

"పాత ఇనుమే కదా అన్నయ్యా!"

అతను కారు దిగి వీధి మలుపు చేరేదాకా ఆగి, సీటు కింద తనే దొంగచాటుగా బిగించిన స్విచ్ వేసి తాళం తిప్పింది. ఇంజను వెంటనే అందుకుంది. అతను వెనక్కి తిరిగి చూసేదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.