కాన్పుకు ముందు శుక్రవారాలు

తొమ్మిదో నెలలో కూర్చుంటే లేవలేను, లేస్తే నిలబడలేను. మా ఊరు పెదబయలు పైన కొండమీద ఉంది. జీపు వచ్చే దారికి చేరాలంటే గంటన్నర దిగాలి. అందుకే కాన్పుకు మూడు వారాల ముందే నన్ను ఆసుపత్రి పక్కనున్న గర్భిణుల వసతి గృహంలో చేర్చారు. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. నా కోరిక ఒకటే, కోత లేకుండా మామూలు కాన్పు కావాలి. విశాఖపట్నంలో ఆపరేషన్ అయిన మా వదిన రెండేళ్ళయినా కాఫీ గింజల మూట ఎత్తలేకపోతోంది. మూట ఎత్తలేనివాళ్ళకు మా కొండమీద బతుకు కష్టం.

ఆ కోరికతోనే బయలుదేరే ముందు చర్చిలో సంఘం ఎదుట నిలబడి తీర్మానం చేసుకున్నాను. బిడ్డ పుట్టేదాకా బుధ, శుక్రవారాలు పొద్దు గుంకేవరకు ఏమీ ముట్టనన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

నా పక్క మంచం దగ్గర ఒక ముసలామె ఉండేది. కోడలికి తోడుగా వచ్చింది. కొండదేవతలకు కోళ్ళు కోసే ఇల్లు వాళ్ళది. ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళో కాన్పులన్నీ ఆమే చేసేదట. ఆమె దగ్గర నేను నేర్చుకునేదేముందని మొదట మొహం తిప్పుకున్నాను. నడుం నొప్పి ఓర్చుకోలేక చివరికి ఆమె చెప్పినట్టే చేశాను.

"లెగమ్మా. అలగ ఎల్లకిలా పడుకుంటే కడుపులో గుంట కిందకెలా దిగుతాది? గొంతుక్కూకో. ఆ కిటికీ సువ్వ అట్టుకో."

"కాళ్ళు వణుకుతున్నాయి అమ్మమ్మా."

"వణకనీ. నొప్పొస్తే కేకెయ్యి గానీ పళ్ళు బిగించకు. నోరు బిగిస్తే కిందంతా బిగుసుకుంటాది."

కాన్పులో వేదన తప్పదని బైబిల్ వాక్యం వింటూ పెరిగాను. ఆ వేదనలో ఒంటిని ఎలా వదులు చేసుకోవాలో ఏ ప్రార్థన కూడికలోనూ ఎవరూ చెప్పలేదు.

రెండో శుక్రవారం నేను అంబలి గిన్నె మంచం కిందకు నెట్టడం ఆమె చూసింది.

"ఏటది, తాగలేదేటి?"

"ఈరోజు ఉపవాసం."

"నువ్వుంటే సరే. లోపలున్న గుంట కూడా మీ సంఘంలో సేరిపోనాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా విశ్వాసాన్ని వెక్కిరించిందనుకుని ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు.

సోమవారం నర్సు రక్తం పరీక్ష చేసింది. చేరినప్పటికంటే తగ్గింది. "మాత్రలు వేసుకుంటున్నావా? తింటున్నావా?" అంది. తలూపాను. అది అబద్ధం. ఖాళీ కడుపున వాంతి వస్తోందని మాత్రలు కూడా మానేశాను.

"ఇంజెక్షన్లు ఇస్తాం. వచ్చే సోమవారానికి పెరగకపోతే ఇక్కడ కాన్పు చెయ్యం. విశాఖపట్నం పంపేస్తాం."

నాకు వదిన గుర్తొచ్చింది. కానీ తీర్మానం తప్పితే బిడ్డకేమవుతుందోనన్న భయం అంతకంటే పెద్దది. ఆ మధ్యాహ్నం పాస్టరమ్మగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పిచ్చిపిల్లా, నెలలు నిండినదాన్ని పస్తుండమని ఎవరన్నారు? నీ ఉపవాసాలు మేం పంచుకుంటాం. నువ్వు తిను తల్లీ."

ఆ రోజు ఆమేన్ అన్నవాళ్ళలో ఆవిడా ఉంది. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బుధవారం తిన్నాను. ముద్ద ముద్దకీ క్షమించమని అడిగాను. ముసలామె గిన్నెలో మరో గరిటె అంబలి పోసింది. సోమవారం రక్తం కాస్త పెరిగింది. "అంతంతమాత్రమే. సరే, ఉండు," అంది నర్సు.

గురువారం పొద్దున నొప్పులు మొదలై సాయంత్రం దాకా సాగాయి. నోరు మాత్రం బిగించలేదు. ప్రార్థన కోసం వెతికితే ఒక్క మాటా దొరకలేదు, అరుపే వచ్చింది. దేవుడికి అదే వినిపించి ఉంటుంది. కోత పడలేదు. పాపను తుడిచి నా గుండెల మీద పెట్టారు. ముందు స్తోత్రం చెప్పాలని నాకు తెలుసు. కానీ నిద్రతో కళ్ళు మూసుకుపోయాయి.