పిన్నీ, అంతర్జాతీయ సంబంధాలూ

మా పిన్ని మా కాలేజీలో అంతర్జాతీయ సంబంధాల శాఖకు గుమాస్తా. ఇరవై ఏళ్ళుగా ఆ శాఖ తలుపు తెరిచేది, మూసేది, ఆ మధ్యలో శాఖను నడిపేది కూడా ఆవిడే. ఈ మాట శాఖాధిపతి ముందు అనకూడదు. అంటే ఆయన నవ్వుతూ ఒప్పుకుని, మర్నాడు పిన్నికి ఇంకో పని అంటగడతారు.

నేను అక్కడ బి.ఏ.లో చేరాలనుకున్నప్పుడు వెనకాడింది అందుకే. హాజరు పట్టీ ఆవిడ దగ్గర, మార్కుల రిజిస్టరు ఆవిడ దగ్గర. ఒక్క క్లాసు ఎగ్గొడితే నేను ఇంటికి చేరేలోపే అమ్మ చెవిన పడుతుంది. అంతటితో ఆగినా బాగుండేది. చేరిన రెండో వారంలో ఒక ఉదయం క్లాసులోకి అడుగుపెడితే, ముందు వరసలో కిటికీ పక్కన కొత్త నోట్‌బుక్ తెరుచుకుని పిన్ని కూర్చుని ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

"నువ్వు కూర్చో ముందు. సార్ వచ్చే టైమైంది."

ఉద్యోగులు ఫీజు లేకుండా డిగ్రీ చదువుకోవచ్చని మా కాలేజీలో ఒక నిబంధన ఉంది. అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు. నిబంధనల పుస్తకం టైపు చేసింది పిన్నే కాబట్టి ఆవిడకు తెలుసు. దానికో మెలిక కూడా ఉంది: మూడేళ్ళలో ఒక్క పేపరు తప్పినా సీటు పోతుంది, మళ్ళీ ఇవ్వరు. నలభై నాలుగేళ్ళ వయసులో ఈ తలనొప్పి దేనికని బాబాయి అడిగాడట. "ఇరవై ఏళ్ళ నుంచీ ప్రశ్నలు టైపు చేస్తున్నాను. వాటికి జవాబులేంటో ఒక్కసారి చూద్దామని" అందట. బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పైకి వెళ్తానన్నవాళ్ళను ఆపడం ఆయన వృత్తిలోనే లేదు.

మొదటి ఏడాది నాకు తల కొట్టేసినట్టుండేది. పిన్ని ఊరుకునే రకం కాదు, ప్రతిదానికీ చెయ్యెత్తేది. సార్వభౌమాధికారం గురించి శాఖాధిపతి గంటసేపు చెప్పాక, "అంటే సార్, తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళదేనా?" అని అడిగింది. అందరూ గొల్లుమన్నారు. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "దాదాపు అంతేనమ్మా" అన్నారు. ఆ మనిషి పాఠం మధ్యలో "అమ్మా, ఆ పాత ఫైలు ఒకసారి" అంటే చాలు, ఈవిడ కలం మూసి లేచి వెళ్ళేది. వెనక్కి వచ్చేసరికి రెండు పేజీలు దాటిపోయేవి. మధ్యాహ్నం నా నోట్‌బుక్ లాక్కుని ఎక్కించుకుంటూ, నా చేతిరాత చూసి అక్షరానికో మొట్టికాయ వేసేది. అలా మొట్టికాయలు తింటూ తింటూ, ఎప్పటినుంచో చెప్పలేను గానీ, ఆవిడ రాని రోజు నాకు క్లాసులో ఏమీ తోచకపోవడం మొదలైంది.

మూడో ఏడాదిలో ఒక పేపరు రాసేది కాదు, మాట్లాడేది. లేని దేశాలు రెండు ఉంటాయి. వాటి మధ్య ఒక నది. ఎగువ దేశానికి నీలం కవరు, దిగువ దేశానికి పసుపు కవరు ఇస్తారు. ఎవరి రహస్యాలు వాళ్ళ కవర్లో ఉంటాయి. రెండు జట్లూ ఎదురెదురుగా కూర్చుని బేరాలాడి ఒప్పందానికి రావాలి. రహస్యం బయటపెట్టినవాళ్ళకు సున్నా.

మా ఏడాది నేను నీలం జట్టుకు నాయకురాలిని, పిన్ని పసుపు జట్టుకు. మా కాగితంలో ఉన్నది ఇది: మా ఆనకట్టకు పగులు వచ్చింది, నెలలోపు నీళ్ళు వదలకపోతే తెగిపోతుంది. అవతలివాళ్ళకు ఈ సంగతి తెలియకుండా, ఎలాగూ వదిలే నీళ్ళను మంచి ధరకు అమ్మాలి. నేను గొంతు సవరించుకున్నాను.

"మా ఆనకట్ట ఇంకో వందేళ్ళు చెక్కుచెదరదు. మాకేం తొందర లేదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే నేనే నమ్మేశాను.

పిన్ని నావైపు చూసింది. గ్లాసెడు నీళ్ళు మొత్తం తాగింది. తర్వాత చెయ్యెత్తింది. నాకు కాదు, మూలన కూర్చున్న శాఖాధిపతికి.

"సార్, నేను ఈ బేరం ఆడకూడదు. వాళ్ళ ఆనకట్టకు పగులుంది. నెలలోపు నీళ్ళు వదలాల్సిందే. మాకు నలభై రోజులకు సరిపడా నీళ్ళున్నాయి. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, గెలిచేస్తాను. అది బాగుండదు."

నాకు కోపం నషాళానికి అంటింది. నా వందేళ్ళ ఆనకట్ట రెండు ముక్కల్లో కూలిపోయింది. శాఖాధిపతి లేచి నిలబడ్డారు.

"నీకెలా తెలుసమ్మా?"

"పదకొండేళ్ళ కిందట ఆ రెండు కాగితాలూ నేనే టైపు చేశాను సార్. ఏటా కవర్లు అంటించేదీ నేనే. నిన్న కూడా అంటించాను. అప్పుడు తట్టలేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇక్కడ కూర్చుని దీని మొహం చూశాక తట్టింది."

"అయితే ఇన్నేళ్ళుగా అవన్నీ... నువ్వు చదివేదానివా?"

"చదవకుండా ఎలా టైపు చేస్తారు సార్?"

ఇరవై ఏళ్ళలో ఆ సంగతి ఆ పెద్దమనిషికి ఒక్కసారి కూడా తట్టలేదని మొహంలోనే తెలిసిపోయింది. నా కోపం చల్లారి, దాని స్థానంలో భయం వచ్చింది. రహస్యం బయటపెట్టినవాళ్ళకు సున్నా. సున్నా వస్తే పేపరు పోయినట్టే. పేపరు పోతే పిన్ని మూడేళ్ళ చదువూ నీళ్ళపాలే. ఆవిడ అప్పుడే పుస్తకాలు సర్దుకుంటోంది.

"కూర్చోమ్మా" అన్నారు ఆయన. "ఆ రహస్యం నీ చేతిలో పెట్టింది నేను. ఇందులో సున్నా ఎవరికైనా వేయాల్సి వస్తే నాకే వేయాలి. ఈ పరీక్ష రద్దు. గురువారం కొత్తది పెడతాను."

పెడతానన్నారు గానీ, కొత్త కాగితాలు ఎవరు టైపు చేయాలి? పిన్ని చేయకూడదు. కాబట్టి రెండు రోజులపాటు శాఖాధిపతి స్వయంగా పిన్ని కుర్చీలో, తలుపు గడియ పెట్టుకుని, రెండు వేళ్ళతో టైపు చేశారు. పిన్ని బయట బెంచీ మీద కూర్చుని పుస్తకం చదువుకుంది.

"అమ్మా, రాసిందంతా మాయమైపోయింది!" అని లోపల్నుంచి కేక.

"ఏమీ ముట్టుకోకండి సార్. ఎడమవైపు పైన వంకర బాణం ఉంటుంది, అది నొక్కండి" అని ఈవిడ తల ఎత్తకుండా బయటినుంచి.

గురువారం నాటి పేచీ ఒక దీవి గురించి. మళ్ళీ ఎదురెదురుగా నేనూ పిన్నీ. కూర్చునే ముందు నన్ను వరండాలోకి లాగి, "జాలిపడ్డావో, మీ అమ్మతో చెప్తాను" అని బెదిరించింది. నేను జాలిపడలేదు. ఈసారి ఆవిడ చేతిలో ఒక్క కవరే ఉంది. నేను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ నమ్మింది. భోజనాల వేళకు సగం దీవి నాకు రాసిచ్చేసింది. చెమటలు పట్టాయి, మాటలు తడబడ్డాయి, కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది. అంత చక్కని మనిషిని అలా ముంచుతూ, ఆవిడ మొహం చూడలేక కాగితం చూసి తర్వాతి షరతు అడిగాను. చివర్లో మాత్రం ఆ దీవిలో ఓడలకు దారి చూపే దీపస్తంభం దగ్గర మొండికేసింది. "అన్నీ నాన్చి నాన్చి అడిగావు, దీన్ని మాత్రం గబగబా చదివేశావు. ఇది ఇవ్వను" అంది. నా కవర్లో అన్నిటికన్నా ముఖ్యమని రాసి ఉన్నది అదే. ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

ఫలితాలు వచ్చాయి. నాకు డెబ్భై ఒకటి, పిన్నికి ముప్పై ఎనిమిది. ముప్పై అయిదు వస్తే పాసు.

నోటీసు బోర్డు ముందు నిలబడి అడిగాను. "ఆ రోజు నోరు మెదపకుండా ఉంటే నీకూ డెబ్భై దాటేవి కదా పిన్నీ?"

"దాటేవే" అంది. "అవి గుమాస్తాకు వచ్చేవి. ఆవిడకు డిగ్రీ ఎందుకే, ఆవిడకు అన్నీ తెలుసు. ఈ ముప్పై ఎనిమిదీ ఏమీ తెలియకుండా వచ్చి కూర్చున్నదానికి వచ్చాయి."

అని మళ్ళీ బోర్డు వైపు తిరిగి, తన నంబరు కింద వేలు పెట్టి ఇంకోసారి చదువుకుంది. డెబ్భై ఒకటి వచ్చిన నేను పక్కన నిలబడి ఏడ్చాను.